గుండెకోత పద్నాలుగు

హెలెన్‌కు కోపం ఎక్కువ. ఈ మాట కంకిపాడు సెంటర్లో ఎవరినడిగినా చెబుతారు, కాకపోతే అదేదో జబ్బన్నట్టు చెబుతారు. మగవాడికి కోపం ఉంటే నిక్కచ్చి మనిషి. ఆడదానికి ఉంటే గయ్యాళి. ఈ న్యాయం నాకు ఎప్పుడూ నచ్చలేదు. పదకొండేళ్ళుగా ఆమె దుకాణానికీ నా దుకాణానికీ మధ్య ఉన్నది ఒక్క ఇటుక మందం గోడ. ఆమె ఎవరిని ఎందుకు తిట్టిందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే ఆమె గురించి నేను రాస్తున్నాను. నా పేరు శివపార్వతి. జాకెట్లు కుడతాను. రాయడం నా పని కాదు గానీ, ఈ సంగతి తలుచుకుంటే కుట్టు వంకర పోతోంది, రాసి పారేస్తే నయమనిపించింది.

హెలెన్‌ది పాటలు ఎక్కించే దుకాణం. పెన్‌డ్రైవ్ పట్టుకెళితే పాటలు నింపి ఇస్తుంది. ఫోన్లు వచ్చాక కూడా ఇదొక బతుకుతెరువేనా అని బెజవాడ వాళ్ళు నవ్వుతారు. వాళ్ళు ఒక్కసారి దమ్ము చేసే ట్రాక్టరు ఎక్కితే తెలుస్తుంది. ఒళ్ళంతా బురద, రెండు చేతులూ స్టీరింగు మీద, కింద నీళ్ళ మడిలో ఇనుప చక్రాలు. జేబులోంచి ఫోను తీసి పాట మార్చేదెవరు? పెన్‌డ్రైవ్ ఒకటి గుచ్చి వదిలేస్తే పొద్దుగూకే దాకా అదే పాడుకుంటుంది. ట్రాక్టర్లు, షేర్ ఆటోలు, వరికోత మిషన్లు, చేపల లారీలు, ఉయ్యూరు నుంచి పెనమలూరు దాకా అన్నీ హెలెన్ దగ్గరికే వస్తాయి.

ఆమె పుట్టింది కొండపల్లిలో. పెళ్ళికి ముందు మూడేళ్ళు గవర్నర్‌పేటలో క్యాసెట్లు రికార్డు చేసే దుకాణంలో పని చేసింది. అప్పట్లో కుర్రాళ్ళు ప్రేమించిన పిల్లకు ఇవ్వడానికి కాగితం మీద పాటల జాబితా రాసుకొచ్చి ఇచ్చేవాళ్ళట. ఈమె ఆ జాబితా చూసి, ‘ఈ వరసలో వింటే ఆ పిల్ల రెండో పాటకే నిద్రపోద్ది’ అని వాళ్ళ మొహం మీదే చెప్పి, వరస మార్చి రికార్డు చేసేది. భర్త ఫిలిప్ థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు వెల్డరు. వారానికొకసారి ఇంటికొచ్చి, పెళ్ళాం కేకలు విని, తృప్తిగా వెళ్ళిపోయే మంచి మనిషి.

పాటలు వరసపెట్టడంలో ఆమెకొక పద్ధతి ఉంది. ముందు రెండు ప్రేమ పాటలు. తర్వాత ఒక అనుమానం పాట. ఆ తర్వాత నాలుగైదు ఏడుపులు. ఆఖరున మాత్రం విన్నవాడు లేచి మొహం కడుక్కుని అన్నానికి కూర్చునే పాట ఒకటి ఉండి తీరాలి. “ఏడిపించి వదిలేస్తే పాపం తగులుద్ది వదినా” అనేది. మేమిద్దరం ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటాం. ఎవరు ఎవరికి ఆడపడుచో ఇంతవరకు తేలలేదు.

ఇంకొక నియమం కూడా ఉండేది. తనను కాదన్న పిల్లను తిట్టిపోసే పాటలు ఎక్కించదు. అలాంటివి ఇప్పుడు పుట్టగొడుగుల్లా వస్తున్నాయి. ఎవడైనా అడిగితే గోడ ఇవతల నా మిషను ఆగిపోయేంత గట్టిగా అరిచేది. “కాదన్నదని తిట్టే పాటా? ముందు మీ అమ్మ పక్కన కూచుని ఆ పాట మొత్తం విను. విన్నాక రా, ఎక్కిస్తా.” ఒక్కడూ తిరిగి రాలేదు. చర్చిలో పాస్టరు గారు లోకపు పాటలు అమ్ముకునే వాళ్ళ గురించి వాక్యం చెప్పేటప్పుడు రెండుసార్లు చురకలేశారు. రెండోసారి ఆమె బయటికొచ్చాక ఆయన ముందు నిలబడి, “ఏడ్చేవాళ్ళతో ఏడవమని మీరే గదండీ అయ్యగారూ చెప్పింది, నేను చేసేది అదే” అనేసి వచ్చింది. ఆయన మూడోసారి ఎత్తలేదు.

ప్రేమ పోయినవాళ్ళ కోసం ఆమె చేసే పాటల వరసకు గుండెకోత అని పేరు. మొదట ఒకటి, తర్వాత రెండు. ఏటా నాట్లకు ముందు ఒకటి, కోతలకు ముందు ఒకటి చొప్పున అంకెలు పెరుగుతూ వచ్చాయి. జూన్ నుంచే ట్రాక్టరు డ్రైవర్లు “కొత్త గుండెకోత ఎప్పుడమ్మా?” అని అడుగుతూ పోయేవాళ్ళు. పెళ్ళయి ముగ్గురు పిల్లలున్న వాడికి కూడా గుండెకోతే కావాలి. ఎందుకురా అంటే పని సాగుతుందంటాడు.

కిందటి జూలైలో, కాలువలకు నీళ్ళు వదిలిన వారం, సాత్విక్ అనే కుర్రాడు వచ్చాడు. ఇరవై మూడేళ్ళుంటాయి. ఆటోనగర్‌లో బైకుల సర్వీసు సెంటర్లో పనట. గడ్డం మాసి, కళ్ళు ఎర్రగా చేసుకుని, దుకాణం ముందున్న స్టూలు మీద కూలబడ్డాడు. తను ప్రేమించిన అమ్మాయికి ఇంట్లోవాళ్ళు వేరే సంబంధం చూస్తున్నారన్నాడు. ఆ పిల్ల ఫోన్లో ఏడ్చిన ఏడుపు తన దగ్గర ఉందన్నాడు. “ఆ మాటలు పాటల మధ్యలో పెట్టివ్వక్కా. బండి మీద పోతా వింటా. అంతకంటే నాకింకేం లేదు” అన్నాడు.

అందరి మీదా విరుచుకుపడే హెలెన్, ఏడ్చే మగపిల్లాడి ముందు మాత్రం వెన్నలా కరిగిపోతుంది. అది ఆమె బలహీనత. నాదీ అదే. మగవాడు కన్నీళ్ళు పెట్టుకుంటే అది నిజమై ఉంటుందని మాకెవరో చిన్నప్పుడే నూరిపోశారు. ఎవరో గాని వాళ్ళను పట్టుకుని నాలుగు తన్నాలి.

ఫోను తీసుకోగానే అందులో ఉన్నదంతా కంప్యూటర్లోకి దించుకోవడం ఆమె అలవాటు. కావలసినవి తర్వాత ఏరుకుంటుంది. సాత్విక్ ఏడు ముక్కలు వేరుగా కత్తిరించి పెట్టుకొచ్చాడు. వాటినే వాడమన్నాడు. “నన్ను వదిలెయ్ సాత్విక్” అని ఒకటి. “మా నాన్నకు తెలిస్తే చంపేస్తాడు” అని ఒకటి. “నా వల్ల కావట్లేదు, నేను చచ్చిపోతాను” అని ఒకటి. మధ్యలో వీడి గొంతు, “సుస్మీ, ఒక్కసారి మాట్లాడు” అని. ఆ పిల్ల ఏడుస్తుంటే గోడ ఇవతల నేను కుట్టడం ఆపి విన్నాను. పాపం, ఎంత ప్రేమో అనుకున్నాను. హెలెన్ ఆ మాటల కింద సన్నగా వేణువు పెట్టింది. ఒక్కొక్క ముక్క తర్వాత ఏ పాట రావాలో ఒక పూటంతా కూర్చుని తేల్చింది. ఆమె చేసిన వాటిలో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు. ఆ సంగతి ఇప్పుడు చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

పెన్‌డ్రైవ్ తీసుకుని వెళ్ళబోతూ వాడు అన్నాడు. “ఇంకెవరైనా అడిగినా ఇవ్వక్కా. నాలాంటోళ్ళు చాలామంది ఉంటారు గదా.”

ఎంత పెద్ద మనసో చూశావా అని హెలెన్ నాతో చెప్పి మురిసిపోయింది. తన బాధను పదిమందికి పంచిపెడుతున్నాడని. ఆ గొంతున్న పిల్లను ఒక మాట అడగాలన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. యాభై ఏళ్ళు వచ్చిన ఇద్దరం ఆడవాళ్ళం.

అలా అదే గుండెకోత పద్నాలుగై ఊళ్ళ మీద పడింది. ఆ నాట్ల కాలమంతా ఏ మడి దగ్గర నిలబడినా అదే. నాటే ఆడవాళ్ళకు ఏ పాట తర్వాత ఆ పిల్ల ఏ మాట అంటుందో నోటికొచ్చేసింది. కుర్రాళ్ళు ఆటో ఎక్కుతూ దిగుతూ “నన్ను వదిలెయ్ సాత్విక్” అని సాగదీసి ఏడ్చి నవ్వుకునేవాళ్ళు. హెలెన్ చేత్తో ఎక్కించినవి అరవై దాటాయి. నేను కూడా కాజాలు కుడుతూ కూనిరాగం తీసేదాన్ని. ఆ పాటలదే.

ఆగస్టులో ఒక శుక్రవారం, పదకొండు గంటలప్పుడు, ఒక అమ్మాయి హెలెన్ దుకాణం ముందు నిలబడింది. చుడీదారు, భుజాన సంచి, అందులో క్యారేజీ.

“గుండెకోత పద్నాలుగు ఉందా అండీ?” అని అడిగింది.

“ఎందుకు లేదు తల్లీ, పెన్‌డ్రైవ్ ఇలా తే. నీకెవడు చెయ్యిచ్చాడమ్మా?” అంది హెలెన్, ఎప్పటి వేళాకోళంతోనే.

“అందులో ఏడ్చేది నేనే ఆంటీ.”

గోడ అవతల హెలెన్ నోరు ఆగిపోతే నాకు అనుమానం వస్తుంది. మిషను ఆపి బయటికొచ్చాను. ఆ పిల్ల ఏడవడం లేదు. పెదాలు మాత్రం బిగబట్టుకుని ఉంది. లోపలికి తెచ్చి కూర్చోబెట్టాం.

పేరు సుస్మిత. ఊరు పునాదిపాడు. బెజవాడలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. నాన్న వెంకటప్పయ్య గారు నాలుగెకరాల రైతు. ఏడాది కిందట సాత్విక్ తన తల్లిని పరీక్షలకు తీసుకొచ్చాడట. రిపోర్టు వచ్చిందని చెప్పడానికి, ల్యాబ్ ఫోను పాడై ఉంటే, ఈ పిల్ల తన సొంత ఫోను నుంచి చేసింది. అంతే. ఆ రోజు నుంచి వాడు వదల్లేదు. రోజుకు ముప్పై నలభైసార్లు చేశాడు. నంబరు రెండుసార్లు మార్చింది. రెండుసార్లూ ఎలాగో సంపాదించాడు.

“ఎందుకు ఎత్తావమ్మా ఫోను?” అని హెలెన్ అడగనే అడిగింది.

“ఎత్తకపోతే ల్యాబ్ ముందుకొచ్చి నిలబడతన్నాడు ఆంటీ. మా మేడమ్ గారు ఇంకోసారి ఇలా అయితే మానుకోమన్నారు. ఎత్తి బతిమాలుకుంటే రెండ్రోజులు రాడు. అందుకని బతిమాలా. అవన్నీ రికార్డు చేసుకున్నాడని నాకేం తెలుసు?”

నాలుగు రోజుల కిందట షేర్ ఆటోలో తన ఏడుపు తనే విన్నదట. ఆటోలో తొమ్మిదిమంది ఉన్నారు. పక్కనున్న ముసలామె “ఎవరి పిల్లో గానీ పాపం, ఎంత ప్రేమించిందో” అని నిట్టూర్చిందట. గోసాల స్టాపు దగ్గర దిగిపోయి మిగతా దారి నడిచింది. బుధవారం నాడు వాళ్ళ పొలంలోనే, వాళ్ళ నాన్న గట్టు మీద నిలబడి దమ్ము చేయిస్తుంటే, ట్రాక్టరు పాటల పెట్టెలో ఆ గొంతు మోగింది. కన్నతండ్రి, గొంతు పోల్చుకోడా?

“ప్రేమించకపోతే అంతలా ఎందుకు ఏడుస్తావు అన్నాడు మా నాన్న” అంది సుస్మిత. “జరిగిందంతా నిన్న పొద్దున చెప్పా. నమ్మలా. సోమవారం ఉద్యోగం మాన్పించి గన్నవరం మా మేనత్త దగ్గర దింపేస్తానన్నాడు. సంబంధం కూడా వాళ్ళే చూస్తారంట. నాకు ఉద్యోగం కావాలి ఆంటీ. అది పోతే నాకేం మిగలదు.”

హెలెన్ లేచి షట్టరు సగానికి దించింది. లాప్‌టాప్ ముందు కూర్చుని, “వాడి ఫోనులోది మొత్తం దించాను. ఏడు ముక్కలే కాదు, మొత్తం ఉంది” అంది. మౌసు మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది. సుస్మిత వైపు చూసింది.

“వినండి. ఇప్పటికైనా మొత్తం వినండి” అంది ఆ పిల్ల.

అరవై మూడు కాల్స్. అన్నీ వినలేకపోయాం. వేణువు లేదు, పాట లేదు. “నన్ను వదిలెయ్ సాత్విక్” అన్న దాని వెనకాలే, “నువ్వెవరో కూడా నాకు సరిగ్గా తెలీదు” అని ఉంది. అది కత్తిరించాడు. “నువ్విలా వెంటపడతన్నావని మా నాన్నకు తెలిస్తే చంపేస్తాడు” అని ఉంది. ముందు మాట కత్తిరించాడు. “ఇంకోసారి ల్యాబ్ ముందుకొస్తే నా వల్ల కావట్లేదు, నేను చచ్చిపోతాను” అని ఉంది. ప్రతి దాంట్లోనూ వీడు నెమ్మదిగా, నవ్వుతూ, “ఏడువు, ఏడిస్తే బావుంటావ్” అంటున్నాడు. ఒక ఆడపిల్ల దణ్ణం పెట్టి బతిమాలుకుంటుంటే, దాన్ని మేం ప్రేమ పాట అనుకుని నెలన్నర విన్నాం. నేను కూనిరాగం తీశాను.

హెలెన్ వెంటనే సాత్విక్‌కు ఫోను చేసింది. స్పీకరు పెట్టింది. ఆమె తిట్లు ఇక్కడ రాయలేను, అచ్చుకెక్కవు. వాడు అన్నీ విన్నాడు.

“ఎందుకక్కా అరుస్తావ్? నా ఫోను, నా రికార్డింగు, నా బాధ. నా బాధ నేను చెప్పుకోకూడదా? ఎవరడిగినా ఇవ్వమని నేనే గదా చెప్పా. బెజవాడలో ఎన్ని షాపుల్లేవు, నీ దగ్గరికే ఎందుకొచ్చాననుకున్నావ్?” అని పెట్టేశాడు.

అప్పటికి గాని మాకు అర్థం కాలేదు. హెలెన్ దుకాణంలో ఎక్కిన పాట నాట్లు అయ్యేలోగా ఆ పిల్ల ఊరి పొలంలో మోగుతుందని వాడికి ముందే తెలుసు. ఏడుస్తూ వచ్చాడని కరిగిపోయాం. వాడు పని చేయించుకోవడానికి వచ్చాడు.

హెలెన్ లాప్‌టాప్ సంచిలో వేసుకుని, నా స్కూటీ తాళం లాక్కుంది. నేను వెనక కూర్చున్నాను. ఎవరెవరికి ఎక్కించిందో ఆమెకు మనుషుల పేర్లతో గుర్తుండదు, బళ్ళతో గుర్తుంటుంది. నీలం ట్రాక్టరు, అద్దం పగిలిన ఆటో, వెనక నెమలి బొమ్మ ఉన్న లారీ. కాలువ గట్టు మీద మాకు తెలిసిన రత్తయ్య నీలం ట్రాక్టరు ఎదురొస్తుంటే స్కూటీ అడ్డంగా పెట్టేసింది. వాడు బ్రేకు తొక్కి, “చచ్చిపోతావమ్మా తల్లీ!” అని కేకేశాడు.

“పెన్‌డ్రైవ్ తియ్.”

“దేనికమ్మా?”

“పద్నాలుగు చెరిపేస్తా. కొత్తది ఎక్కించి ఇస్తా, తియ్.”

“పద్నాలుగు చెరపొద్దులే అమ్మా, ఉండనియ్. పిల్ల ఏడుపు బావుంటది. దమ్ములో నిద్ర రాదు” అన్నాడు రత్తయ్య. చెడ్డవాడు కాదు. ఆ మాట చెడుగా అనలేదు. అందుకే నాకు ఒళ్ళు మండిపోయింది.

“బావుంటదా?” అంది హెలెన్. “నీ కూతురేం చదువుతుంది రత్తయ్యా?”

“ఇంటరు.”

“రేపు అది ఎవడి కాళ్ళో పట్టుకుని నన్ను వదిలెయ్‌రా అని ఏడిస్తే, దానికి వేణువు పెట్టి నీకు ఎక్కిస్తా. నిద్ర రాకుండా వింటావా?”

వాడు పెన్‌డ్రైవ్ పీకి చేతిలో పెట్టాడు. ఆమె చెరిపేస్తుంటే మెల్లగా అన్నాడు. “నా దగ్గర చెరిపితే ఏం లాభమమ్మా. నాటే వాళ్ళ ఫోన్లలోకి కూడా పోయింది. వాళ్ళు వాళ్ళ చుట్టాలకు పంపుకున్నారు.”

అయినా ఆగలేదు. శుక్రవారం, శనివారం తిరిగి ముప్పై ఎనిమిది చెరిపింది. కొందరు ఇచ్చారు, కొందరు నవ్వారు. ఒక ఆటో డ్రైవరు “నువ్వే అమ్మి నువ్వే లాక్కుంటావా?” అన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఇక్కడ ఆ పిల్ల నోరు జారలేదు. జార్చిన వాళ్ళం మేం.

శనివారం సాయంత్రం హెలెన్‌కు ఒక ఉపాయం తోచింది. అరవై మూడు కాల్సూ ఉన్నవి ఉన్నట్టు, వాడి బెదిరింపులతో సహా, గుండెకోత పదిహేను అని పెట్టి అన్ని బళ్ళకూ ఊరికే ఎక్కించేద్దామని. “ఊరంతా విన్నారు గదా, ఇప్పుడు ఊరంతా అసలుది వినాల. వాడు బయట తిరగలేడు” అంది. నేను చప్పట్లు కొట్టడమొక్కటే తక్కువ. వాడి పరువు కంకిపాడు సెంటర్లో ఆరేసి చూడాలని నాకూ ఉంది. అయినా ఈసారి అడుగుదాం అన్నాను. సుస్మితకు ఫోను చేశాం.

“మళ్ళీనా ఆంటీ?” అంది. “మళ్ళీ నన్నే ఏడిపించి అందరికీ వినిపిస్తారా? ఎవరికీ వద్దు. మా నాన్నకు వినిపించండి చాలు.”

ఆదివారం చర్చి అవగానే, తెల్లచీర మార్చుకోకుండానే, హెలెన్ నాతో పునాదిపాడు వచ్చింది. వెంకటప్పయ్య గారు వరండాలో కూర్చుని ఉన్నారు. మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు. హెలెన్ ఎవరో చెప్పాక ఆయన మొహం ఇంకా బిగుసుకుంది.

“మీరేనా అది చేసింది?”

“నేనేనండి అన్నయ్యగారూ. నన్ను తర్వాత ఎన్నైనా అనండి. ముందు ఇది వినండి.”

లాప్‌టాప్ బల్ల మీద పెట్టి మొదలుపెట్టింది. మూడో కాల్‌కు ఆయన తల వంచుకున్నారు. ఎనిమిదో దాంట్లో సాత్విక్, “మీ నాన్న రోజూ పొద్దున్నే ఒక్కడే పొలం పోతాడు గదా” అంటున్నాడు. ఆ పిల్ల “మా నాన్నని ఏం చెయ్యొద్దు, నీకు దణ్ణం పెడతా” అని ఏడుస్తోంది. ఊళ్ళన్నీ పాడుకున్న ఏడుపు అదే. నాన్నను ఏమీ చేయవద్దని ఏడ్చిన ఏడుపు.

“ఆపండి” అన్నారు ఆయన.

“ఆపొద్దు ఆంటీ” అంది సుస్మిత గుమ్మంలోంచి.

ఇంకో పది విన్నారు. కండువాతో మొహం తుడుచుకుని, “నాకు ఒక్క మాట చెప్పలేదేమ్మా?” అన్నారు.

“చెప్పా నాన్నా. గురువారం పొద్దున, ఇక్కడే, ఇయ్యే మాటలు చెప్పా. నేను చెప్తే నమ్మలా. కంప్యూటర్ చెప్తే నమ్మారు.”

“అద్గదీ, అట్టా అడుగు తల్లీ!” అంది హెలెన్, ఆయన వైపు వేలు చూపిస్తూ. ఆ పిల్ల అప్పుడు హెలెన్ వైపు తిరిగింది.

“మీరూ అంతే ఆంటీ. వదిలెయ్ వదిలెయ్ అని ఏడుసార్లు అన్నా అందులో. మీరు పాట మీద పాట పేర్చుకుంటా ఏడుసార్లూ విన్నారు. ఒక్కసారైనా మీకు వినపడిందా?”

హెలెన్ వేలు దించేసింది. నాకూ తల ఎత్తాలనిపించలేదు.

వెంకటప్పయ్య గారు గొంతు సవరించుకుని, జరిగిందేదో జరిగింది, సోమవారం ఉద్యోగానికి పొమ్మన్నారు. మేనత్త ఊసు లేదు. ఇక దీన్ని ఇంతటితో వదిలేద్దాం, ఆడపిల్ల పేరు స్టేషన్ల దాకా ఎందుకన్నారు.

“నా పేరు అరవై బళ్ళలో తిరిగింది నాన్నా. స్టేషన్‌కి పోతే కొత్తగా పోయేదేముంది?” అంది సుస్మిత. “వాడు మళ్ళీ ల్యాబ్ ముందు నిలబడతాడు. రేపు డ్యూటీకి ముందే కంప్లైంటు ఇస్తా. మీరు తోడు రండి. ఆంటీ, మీరు కూడా రావాలి. ఇది మీ చేతే చేయించాడని, అందరికీ ఇమ్మన్నాడని మీరే చెప్పాలి.”

అలా చెబితే తన మీదకు కూడా కేసు రావచ్చని, దుకాణం మూతపడవచ్చని హెలెన్‌కు తెలుసు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఫిలిప్‌కు ఫోను చేసి అదే చెప్పింది. ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు గానీ, ఆమె “ఊఁ” అని పెట్టేసింది.

సోమవారం ఎనిమిదింటికి నలుగురం స్టేషన్లో ఉన్నాం. వెంకటప్పయ్య గారు కూతురి పక్కన నిలబడ్డారు. రైటరు గారు పెద్దమనిషి, ఓపిగ్గా అంతా విని, సుస్మిత కంప్లైంటు రాసుకున్నారు. తర్వాత హెలెన్ వంతు వచ్చింది. సాత్విక్ వచ్చిన రోజు నుంచి మొత్తం చెప్పింది. ఒక్క అరుపు లేదు. ఆయన రాస్తూ రాస్తూ కలం ఆపి, ఆమె మంచి కోరే అన్నారు.

“తెలియక ఎక్కించాను అని రాస్తానమ్మా. మీకు ఇబ్బంది ఉండదు.”

“తెలియక కాదండి” అంది హెలెన్. “ఆ పిల్లని అడగలేదు. అడగకుండా ఎక్కించాను. అట్టాగే రాయండి.”

ఆయన ఒకసారి సుస్మిత వైపు చూసి, అలాగే రాశారు. హెలెన్ కింద సంతకం పెట్టింది. సుస్మిత డ్యూటీకి టైమైందని క్యారేజీ సంచి భుజాన వేసుకుని, మాకెవరికీ వెళ్ళొస్తానని చెప్పకుండా, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.